కర్నూలులో 45 డిగ్రీలు: ఈ అంకెను ఎలా చదవాలి?

క్లుప్తంగా: రాయలసీమలో ఎండ ఏప్రిల్ నెలాఖరు నుంచి మే తొలి పక్షం లోపే తారస్థాయికి చేరుతుంది. నడినెత్తిన నిలిచే సూర్యుడు, ఎండిన నేల, పైనుంచి దిగే పొడిగాలి, సముద్రానికి దూరం ఇందుకు కారణాలు. కానీ ప్రాణాలు తీసేది మధ్యాహ్నపు గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే కాదు. గాలిలో తేమ, రాత్రి చల్లబడని ఇల్లు, మామూలు కంటే పెరిగిన తేడా, ఎండలో పనిచేయక తప్పని మనిషి కూడా లెక్కలోకి రావాలి. పతాక శీర్షికకు ఎక్కే రికార్డు అంకెలో ఇవేవీ కనిపించవు.

ఏటా ఏప్రిల్ మూడో వారానికి కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం పేర్లు వాతావరణ వార్తల్లో ముందుకు వస్తాయి. 2024 ఏప్రిల్ చివర, మే ఆరంభంలో నంద్యాల ఉష్ణోగ్రత 46 డిగ్రీల దరిదాపులకు చేరి, దేశంలోనే అత్యంత వేడి ప్రాంతాల సరసన నిలిచింది. ఆ రోజుల్లో జనాన్ని గందరగోళపెట్టిన ప్రశ్నలు ప్రతి వేసవిలోనూ తిరిగి వస్తున్నాయి. ఫోనులో 47 అని ఉంటే వార్తల్లో 43 అని ఎందుకు వస్తుంది? ఒళ్ళు కాలిపోతున్నా వాతావరణ శాఖ వడగాలి లేదని ఎందుకు అంటుంది? ఇంత ఎండ కాసే కర్నూలు కంటే కోస్తాలో వడదెబ్బ మరణాలు ఎక్కువగా నమోదైన సంవత్సరాలు ఎందుకున్నాయి?

ఒకే ఊరికి మూడు అంకెలు

మొదటి అంకె భారత వాతావరణ శాఖది. రాయలసీమలో కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప, తిరుపతి, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి చోట్ల ఆ శాఖ పరిశీలన కేంద్రాలు ఉన్నాయి. అక్కడ థర్మామీటరును ఎండలో పెట్టరు. మనిషి ఛాతీ ఎత్తులో కాళ్ళపై నిలబెట్టిన తెల్లరంగు చెక్కపెట్టెలో ఉంచుతారు. పెట్టెకు నాలుగువైపులా కిటికీ రెక్కల్లాంటి పలకలు ఏటవాలుగా ఉంటాయి. గాలి ధారాళంగా ఆడుతుంది, సూర్యకిరణం మాత్రం లోపలికి రాదు. గరిష్ఠ ఉష్ణోగ్రత చూపే గొట్టంలో ఒక చోట సన్నని నొక్కు ఉంటుంది. వేడికి పైకెక్కిన పాదరసం ఆ నొక్కు దాటి వెనక్కి రాలేదు కనుక, సాయంత్రం వచ్చి చూసినా ఆనాటి అత్యధిక స్థాయి అక్కడే నిలిచి ఉంటుంది. జ్వరం చూసే పాత థర్మామీటరు పనిచేసేదీ ఇలాగే. అంటే ఆ అంకె నీడలోని గాలి వేడి. తారురోడ్డు వేడి, బైకు సీటు వేడి అందులో లేవు. ఆ వస్తువులు గాలి కంటే ఎంతో ఎక్కువగా కాగుతాయి.

రెండో అంకె రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చేది. మండలాల్లో నెలకొల్పిన స్వయంచాలిత కేంద్రాల నుంచి అది వస్తుంది. ఈ కేంద్రాల సంఖ్య చాలా ఎక్కువ కాబట్టి, వాటిలో ఏదో ఒకటి శాఖ కేంద్రం కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపడంలో వింత లేదు. చుట్టూ రాతినేల ఉన్న చోటికీ చెరువు పక్క చోటికీ నిజంగానే తేడా ఉంటుంది. పరికరం లోపం వల్ల వచ్చే తేడాలూ ఉంటాయి. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేష్‌పుర్ కేంద్రం 52.9 డిగ్రీలు చూపి దేశమంతటా కలకలం రేపింది. పరిశీలించాక అక్కడి సెన్సరు సుమారు 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని తేలింది. ప్రపంచ రికార్డుకూ ఇదే గతి పట్టింది. లిబియాలోని అల్ అజీజియాలో 1922లో నమోదైన 58 డిగ్రీలను తొంభై ఏళ్ళ తర్వాత, 2012లో, ప్రపంచ వాతావరణ సంస్థ రద్దు చేసింది. అప్పటి నుంచి అమెరికాలోని డెత్ వ్యాలీలో 1913లో నమోదైన 56.7 డిగ్రీలే అధికారిక రికార్డు. మన దేశానికి సంబంధించి 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో నమోదైన 51 డిగ్రీలు నేటికీ పై మెట్టున ఉన్నాయి.

మూడో అంకె ఫోనుది. అది చాలా సందర్భాల్లో కొలిచినది కాదు, కంప్యూటర్ నమూనా వేసిన అంచనా. పైగా తేమను, గాలివేగాన్ని కలిపి ‘ఒంటికి తెలిసే వేడి’ అంటూ మరో అంకె చూపిస్తుంది. దాన్ని పట్టుకుని రికార్డు బద్దలైందనడం సరికాదు.

44 ఉన్నా వడగాలి కాకపోవచ్చు

మైదాన ప్రాంతంలో వడగాలిని గుర్తించడానికి వాతావరణ శాఖకు ఒక కొలమానం ఉంది. గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండాలి. అది ఆ తేదీకి ఉండే మామూలు స్థాయి కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీల వరకు పెరిగితే వడగాలి, అంతకు మించితే తీవ్ర వడగాలి. మామూలు ఎంతైనా సరే, 45కు చేరితే వడగాలి, 47కు చేరితే తీవ్ర వడగాలి. ఇది ఒక వాతావరణ ఉపవిభాగంలో (రాయలసీమ మొత్తం అలాంటి ఒక ఉపవిభాగం) కనీసం రెండు కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు కనిపించాలి. రెండో రోజున ప్రకటిస్తారు. తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 పెరిగితే చాలు.

కర్నూలులో మే నెలారంభానికి మామూలు గరిష్ఠ స్థాయే సుమారు 40 డిగ్రీలు. కాబట్టి 44 నమోదైనా తేడా నాలుగే. లెక్క ప్రకారం అది వడగాలి కాదు. పత్తికట్టెలు పీకే కూలీకి ఈ లెక్క ఓదార్పు ఇవ్వదు. అయినా ఈ కొలమానం వెనుక ఒక తర్కం ఉంది. మనిషి శరీరం, ఇళ్ళు, పని వేళలు ఒక ప్రాంతపు మామూలు వేడికి కొంత అలవాటు పడి ఉంటాయి. ఆ అలవాటును ఒక్కసారిగా మించిపోయే వేడిని పట్టుకోవడానికే తేడాను కొలుస్తారు. విపత్తుల నిర్వహణ సంస్థ మాత్రం మండలాల వారీగా హెచ్చరికలు ఇస్తుంది. అందుకే ఒకే రోజు ఒక సంస్థ ఫలానా మండలాల్లో తీవ్ర వడగాలులని అంటే, మరో సంస్థ రాయలసీమ ఉపవిభాగంలో వడగాలి లేదని చెప్పే పరిస్థితి వస్తుంది. రెండూ నిజమే కావచ్చు.

మే మొదటి వారం మీద సూర్యుడి గురి

రాజస్థాన్‌లో ఎండలు మే ద్వితీయార్ధంలో, జూన్‌లో ముదురుతాయి. సీమలో అంతకంటే ముందే ఎందుకు? మొదటి కారణం ఆకాశంలోనే ఉంది. కడప, అనంతపురం 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త అటూ ఇటూ ఉన్నాయి. కర్నూలు 15.8 దగ్గర ఉంది. ఉత్తరంగా కదిలే సూర్యుడు ఏప్రిల్ చివరి రోజుల్లో కడప, అనంతపురాల మీద, మే 3, 4 తేదీలకు కర్నూలు మీద సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మిట్టమధ్యాహ్నం నిలువు స్తంభానికి నీడ పడదు. ఢిల్లీకి ఇలాంటి రోజే లేదు. ఆగస్టులో సూర్యుడు తిరుగుదారిలో మళ్ళీ మన నెత్తి మీదికి వస్తాడు. అప్పటికి నైరుతి రుతుపవన మేఘాలు, తడిసిన నేల ఉంటాయి కనుక అదే సూర్యుడు అంత వేడి పుట్టించలేడు. ఈ రెండు నెలలను పక్కపక్కన పెట్టి చూస్తే, సూర్యుడి ఎత్తు ఒక్కటే సరిపోదని అర్థమవుతుంది.

రెండో కారణం నేల. నేలలో తడి ఉంటే సూర్యరశ్మిలో పెద్ద భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి పట్టే వేడితో సుమారు 2,400 కిలోల గాలిని ఒక డిగ్రీ వేడెక్కించవచ్చు. తడి లేనప్పుడు ఆ వేడంతా నేరుగా గాలికే పోతుంది. శనగ కోసిన నల్లరేగడి ఫిబ్రవరి నుంచే నోళ్ళు తెరుచుకుని ఉంటుంది. వేరుశనగ వేసే అనంతపురం ఎర్రనేలలు అంతకు ముందు నుంచే బీడు. ముందటి ఏడాది రుతుపవనాలు దెబ్బతింటే ఈ ఎండుదనం మరింత లోతుకు దిగుతుంది. పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కి మన వానలను తరచూ దెబ్బతీసే ఎల్‌నినో 2023లో ఏర్పడింది. ఆగస్టులో దేశమంతటా వర్షాలు ముఖం చాటేశాయి. దాని తర్వాతి వేసవే 2024. ఎల్‌నినో వచ్చిన ప్రతిసారీ సీమలో రికార్డులు బద్దలవుతాయని కాదు, కానీ నేలను ముందుగా ఎండబెట్టి ఎండకు దారి సుగమం చేస్తుంది.

మూడోది గాలి. వేసవిలో మధ్య భారతం మీద ఎగువన అధికపీడనం స్థిరపడితే గాలి పైనుంచి కిందికి దిగుతుంది. దిగే గాలి కింది ఒత్తిడికి నలిగి, ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. మేఘం పట్టనివ్వదు. దీనికి తోడు వాయవ్యం నుంచి మరాఠ్వాడా, తెలంగాణ మీదుగా వీచే పొడిగాలి దారి పొడవునా ఎండిన నేలను తాకుతూ కర్నూలు చేరుతుంది. నైరుతి తేమకు పడమటి కనుమలు అడ్డు. బంగాళాఖాతపు గాలికి నల్లమల, వెలికొండలు అడ్డు. ఈ స్థితిని చెదరగొట్టేది విదర్భ నుంచి కర్ణాటక అంతర్భాగం మీదుగా తమిళనాడు వైపు సాగే అల్పపీడన ద్రోణి ఒక్కటే. అది కాస్త పడమటికి జరిగితే సాయంత్రం ఉరుములతో వాన పడి, ఒక్క పూటలో పది డిగ్రీలు దిగిన సందర్భాలు సీమ జనానికి కొత్త కాదు.

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని పెద్దలు అంటారు. మే చివరి వారంలో వచ్చే ఆ కార్తె నాటికి సీమలో ఇలాంటి వానలు కొన్ని పడి ఉంటాయి. నానుడి అసలు కాఠిన్యం అప్పుడు కోస్తాలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

అనంతపురం కంటే కడప ఎందుకు కాగుతుంది

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల ప్రస్తావన వస్తే జైసల్మేర్ తర్వాత అనంతపురం పేరు చెబుతారు. అలాంటప్పుడు సీమలో అత్యధిక ఉష్ణోగ్రత అక్కడే ఉండాలి కదా అనిపిస్తుంది. ఉండదు. సాధారణంగా కడప, నంద్యాల, కర్నూలు దాన్ని మించుతాయి. కారణం ఎత్తు. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 340 మీటర్ల ఎత్తున ఉంటే కడప సుమారు 140 మీటర్ల ఎత్తునే ఉంది. పొడిగాలికి 100 మీటర్లకు ఒక డిగ్రీ అనుకుంటే తేడా రెండు డిగ్రీలు. 920 మీటర్ల ఎత్తున్న బెంగళూరుతో పోలిస్తే కడప దాదాపు ఏడెనిమిది డిగ్రీలు వేడిగా ఉండాలి. మే నెల సగటులు చూస్తే వాస్తవం కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. కడపకు మరో ఇబ్బంది నల్లమల, పాలకొండల మధ్య ఒదిగి ఉండటం. గాలి పారాడని పల్లం అది. పగలు చేరిన వేడి తొందరగా బయటపడదు.

ఎత్తు వల్ల దక్కే ఈ రెండు డిగ్రీలు చిన్న విషయం కాదు. అనంతపురంలో తెల్లవారుజాములు కడపలో కంటే కాస్త చల్లగా ఉంటాయి. ఆ చల్లదనం శరీరానికి ఎంత మేలు చేస్తుందో ముందు ముందు తెలుస్తుంది.

44 కంటే 40 ప్రమాదమైన వేళ

మనిషి శరీరం చల్లబడటానికి ఉన్న ప్రధాన మార్గం చెమట ఆరడం. గాలి ఉష్ణోగ్రత చర్మం వేడిని దాటిన తర్వాత అదొక్కటే మార్గం. గాలి ఎంత పొడిగా ఉంటే చెమట అంత వేగంగా ఆరుతుంది. ఈ రెంటినీ కలిపి కొలవడానికి తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు వాడతారు. కర్నూలులో 44 డిగ్రీలు, తేమ 15 శాతం ఉన్న మధ్యాహ్నం ఆ తడి థర్మామీటరు సుమారు 23 డిగ్రీలు చూపుతుంది. కోస్తాలో 40 డిగ్రీలు, తేమ 45 శాతం ఉంటే సుమారు 30 చూపుతుంది. ఇది 35కు చేరితే, నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా ఎక్కువ గంటలు బతకలేడన్నది శాస్త్రజ్ఞులు చెప్పే పైహద్దు. ప్రయోగాల్లో యువకులకు కూడా 31 దగ్గరే శరీరం అదుపు తప్పడం కనిపించింది. పొడి థర్మామీటరులో కర్నూలుది పైచేయి. తడి థర్మామీటరులో కోస్తా ఏకంగా 7 డిగ్రీలు ముందుంది.

2003 మే, జూన్ నెలల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి పైగా మరణాలు నమోదయ్యాయి. 2015 మే వడగాలుల్లో దేశవ్యాప్తంగా రెండు వేల మందికి పైగా చనిపోతే అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాల వారే. ఆంధ్రప్రదేశ్ లెక్కల్లో ప్రకాశం, గుంటూరు, తూర్పు గోదావరి వంటి జిల్లాలు ముందుండగా కర్నూలు, కడప, అనంతపురం బాగా వెనుక ఉన్నాయి. తేమ ఒక్కటే కారణం అనలేం. మే నెలాఖరున పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని తీరం దాటనివ్వలేదు. రోజూ మధ్యాహ్నం చల్లటి గాలికి అలవాటుపడిన ఊళ్ళు ఒక్కసారిగా 45 డిగ్రీలు చూశాయి. మామూలు కంటే పెరిగిన తేడా అక్కడ ఎక్కువ. సీమలో జనం మార్చి నుంచే మెల్లగా ఎండకు రాటుదేలి ఉంటారు.

దీన్నిబట్టి పొడి ఎండ మంచిదని తీర్మానించడం ప్రమాదకరం. పొడిగాలిలో చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి ఎంత నీరు పోతోందో మనిషికి తెలియదు. ఎండలో గట్టి పని చేసేవారికి గంటకు లీటరు, అంతకు మించి కూడా పోవచ్చు. దాహం వేసే సమయానికే శరీరం లోటులో పడి ఉంటుంది. 40 దాటిన పొడిగాలిని ఫ్యాను ఒంటి మీదికి తోస్తే, ముఖ్యంగా చెమట తక్కువ పట్టే వృద్ధులకు, అది చల్లబరచకపోగా వేడిని ఇంకా ఎక్కిస్తుంది. మూసిన గదిలో ఫ్యాను కింద పడుకున్న ముసలివారికి వడదెబ్బ తగలడం వెనుక సంగతి ఇదే. మాట తడబడటం, మతి తప్పినట్లు ప్రవర్తించడం కనిపిస్తే అప్పటికే ఒంటి వేడి 40 దాటి ఉండవచ్చు. ఆ స్థితిలో ఆసుపత్రికి చేర్చేలోపే ఒళ్ళంతా తడిపి గాలి విసరడం మొదలుపెట్టాలి. స్పృహలో లేనివారి నోట్లో మజ్జిగ గానీ నీళ్ళు గానీ పోయకూడదు.

రాత్రి లెక్క

పగలు పడ్డ శ్రమ నుంచి గుండె కోలుకునేది రాత్రిపూట. రాత్రి చల్లబడకపోతే మరుసటి పగటి ఎండ అలసిన గుండె మీద పడుతుంది. వరసగా రెండు మూడు వేడి రాత్రుల తర్వాత మరణాలు పెరగడం అనేక దేశాల్లో కనిపించింది. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో సుమారు 15,000 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు. 2021 జూన్ 29న కెనడాలోని లిట్టన్‌లో 49.6 డిగ్రీలు నమోదైంది. అంతకు ముందు ఆ దేశపు రికార్డు 45. రికార్డులు సాధారణంగా దశాంశాల్లో బద్దలవుతాయి. అక్కడ మూడు రోజుల్లోనే 4.6 డిగ్రీలు ఎగిసింది. ఆ వారంలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వేడికి చనిపోయిన 619 మందిలో 98 శాతం మంది ఇళ్ళలోనే, నాలుగు గోడల మధ్యే ప్రాణాలు విడిచారు. చలికి తగ్గట్టు కట్టిన ఇళ్ళు వేడిని బంధించి ఉంచాయి.

సీమలో ఇళ్ళు మారిన తీరు ఈ కోణంలో చూడదగ్గది. పాత మట్టి మిద్దెలకు రాతిగోడలు, దూలాల మీద పరచిన మందపాటి మట్టికప్పు ఉండేవి. పగటి వేడి ఆ మట్టిని దాటి లోపలికి దిగేసరికి పొద్దు వాలేది. అప్పటికి ఇంటివాళ్ళు మిద్దె మీదో వాకిట్లో మంచం మీదో ఉండేవారు. ఇప్పటి నాలుగైదు అంగుళాల కాంక్రీటు కప్పు మధ్యాహ్నం తాగిన వేడిని సాయంత్రం నుంచి గదిలోకి వదులుతుంది. జనం పడుకునేదీ ఆ గదిలోనే. బేతంచెర్ల, కడప బండలు కప్పిన చిన్న ఇళ్ళలో, రేకుల షెడ్లలో పరిస్థితి ఇంకా కష్టం. రేకు మాత్రం ఎంత త్వరగా కాగుతుందో అంత త్వరగా చల్లారుతుంది కాబట్టి దాని పీడ పగటిది. పైకప్పుకు సున్నం గానీ తెల్లటి పూత గానీ వేస్తే సూర్యరశ్మిలో పెద్ద వాటా వెనక్కి పోతుంది. ఇంత చవకైన ఉపాయం మరొకటి లేదు. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. రాయలసీమ పట్టణాలకు దాని అవసరం అంతకు ఏమాత్రం తక్కువ కాదు.

పగలు 40 దాటిన రోజున రాత్రి కనిష్ఠం మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వాతావరణ శాఖ దాన్ని ‘వేడి రాత్రి’గా గుర్తిస్తుంది. వార్తల్లో మాత్రం మండలాల గరిష్ఠాల పట్టికే వస్తుంది, కనిష్ఠాల పట్టిక అరుదు.

రికార్డులు ఎటు పోతున్నాయి

1901 నుంచి 2018 మధ్య భారతదేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ అంచనా. 2024 దేశంలో 1901 తర్వాత అత్యంత వేడి సంవత్సరంగా నిలిచింది. ఒక డిగ్రీలోపు పెరుగుదలే కదా అని తీసిపారేయడానికి లేదు. సగటు కొద్దిగా జరిగినా, అంచున ఉండే తీవ్రమైన రోజుల సంఖ్య అనేక రెట్లు పెరుగుతుంది. ఒకప్పుడు పదేళ్ళకోసారి వచ్చే 45 డిగ్రీల రోజు మూడు నాలుగేళ్ళకోసారి రావడానికి సగటు పెద్దగా మారాల్సిన పని లేదు.

నష్టం ఎవరిపై పడుతుందో ముందే తెలుసు. వేసవిలో సీమ గ్రామాలకు పెద్ద ఆసరా ఉపాధి హామీ పనులు. తెల్లవారుజామున మొదలుపెట్టి పది, పదకొండు గంటలకల్లా ముగించే ఏర్పాటు ఉన్న చోట ప్రమాదం సగానికి సగం తప్పుతుంది. కొలత పూర్తికాకపోతే కూలి తగ్గుతుందన్న భయం ఉన్న చోట మనిషి ఎండలో ఇంకో గంట నిలబడతాడు. వేసవిలో తక్కువ పనికీ పూర్తి కూలి ఇచ్చే వేసవి భత్యం రాష్ట్రంలో కొన్నేళ్ళు అమలైంది. వడదెబ్బ నివారణలో చలివేంద్రాల కంటే దాని పాత్ర ఎక్కువ.

మరణాల లెక్కా చిక్కుముడే. గుండెపోటుతో పోయిన వృద్ధుడి మరణానికి వేడి కారణమని ధ్రువపత్రంలో రాయరు. 2025 వేసవి నాటికి జాతీయ విపత్తు సహాయ జాబితాలో వడగాలి లేదు. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో పది శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకునే వీలు మాత్రం ఉంది. ఆ వీలునే వాడుకుని తెలంగాణ 2025లో వడగాలిని రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది.

అహ్మదాబాద్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2010 మేలో ఆ నగరంలో మామూలు కంటే 1,344 మరణాలు అధికంగా సంభవించాయని పరిశోధకులు లెక్కగట్టారు. వడదెబ్బ అని రాసిన పత్రాలను ఏరి తేల్చిన సంఖ్య కాదది. ఆ నెలలో జరిగిన మొత్తం మరణాలను ముందు సంవత్సరాల మే నెలలతో పోల్చారు. ఆ లెక్క ఆధారంగానే 2013లో దక్షిణాసియాలో మొదటి వేడి కార్యాచరణ ప్రణాళిక అక్కడ తయారైంది. ఏ డిగ్రీ దగ్గర ఏ రంగు హెచ్చరిక ఇవ్వాలో ఆ నగరపు మరణాలనే చూసి నిర్ణయించుకున్నారు. కర్నూలు, కడప, అనంతపురం నగరపాలక సంస్థల దగ్గర రోజువారీ మరణాల నమోదు ఉంది. పక్కనే వాతావరణ శాఖ రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు ఉన్నాయి. ఆ రెండు పుస్తకాలను ఒకే బల్ల మీద తెరిస్తే, ఏ రాత్రి ఉష్ణోగ్రత దాటాక ఈ ఊళ్ళలో మరణాలు పెరుగుతున్నాయో చెప్పడం సాధ్యమవుతుంది.